ఉక్కు మనది, చూపు పరులది

లండను నగరమునందు వాలెసు కలెక్షను అను ప్రదర్శనశాలలో భారతదేశపు ఖడ్గ మొకటి కలదు. అది వంపుదేరిన షంషేరు. ఒకేవైపు పదును గలది. పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. 18వ శతాబ్దపు తుదిలోనో, 19వ శతాబ్దపు మొదటనో మన దేశమున తయారైనది. ఇటలీ శాస్త్రజ్ఞులును ఇంగ్లండువారును కలిసి దానిని రెండు విధముల పరీక్షించిరి. మొదట, అప్పటికే దెబ్బతినియున్న చోటినుండి తీసిన చిన్న తునుకను సూక్ష్మదర్శినిలో చూచిరి. పిదప ఖడ్గము నంతటిని న్యూట్రాను కిరణముల యెదుట నుంచి, దానిని కోయక, విరువక, గీరక, గర్భమునందలి లోహస్వభావమును చదివిరి. నూటికి ఒక పాలునకు తక్కువ గాని కర్బనము గల మేలురకపు ఉక్కు అది యని తేల్చి, 2015వ సంవత్సరమున తమ పరిశోధనమును లోకమునకు ప్రకటించిరి.

ఈ సంగతి విని సంతోషింపని భారతీయు డుండడు. కాని సంతోషముతో పాటు ఒక ప్రశ్నయు మన మనస్సున పుట్టవలెను. ఉక్కు మనది, కొలిమి మనది, కమ్మరి మనవాడు. దాని లోపలికి చూచిన చూపు మాత్రము పరులది. ఏల ఇట్లు జరిగినది? ఇట్లే యెంతకాలము జరుగవలెను?

"న్యూట్రానులతో కరీంనగరమువారికిని ఆదిలాబాదువారికిని పని యేమి?" అని పఠనాలయమున ఈ పత్రికను చేతబట్టిన సోదరు డెవడైన అడుగవచ్చును. ఆ ఖడ్గపు ఉక్కు మన నిర్మల ప్రాంతపు మూసలోనే పుట్టినదని మేమనుట లేదు. కాని అట్టి ఉక్కునకు జగత్ప్రసిద్ధి తెచ్చిన సీమలలో మన సీమ యొకటి. ఆ విద్యతో మనకు గల సంబంధము ఇరువది తరముల నాటిదో ముప్పది తరముల నాటిదో లెక్కింప నక్కరలేదు. మన పొలములలో నేటికిని నాగలికి తగులుచున్న ఇనుప చిట్టెమే అందులకు సాక్షి.

గోదావరికి ఉత్తరమున నిర్మల, దక్షిణమున కోనసముద్రము. కోనసముద్రము నేడు నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలములో, పాత కరీంనగరము జిల్లా పొలిమేర దాపున నున్నది. 1820 ప్రాంతమున హెన్రీ వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, మహా త్రికోణమితి సర్వే ఉద్యోగిగా ఈ ప్రాంతమునకు వచ్చి, అచ్చటి ఉక్కు కొలుములను కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832వ సంవత్సరమున కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పత్రికలో అచ్చుపడినది. రెండు వేర్వేరు చోట్ల దీసిన ఇనుమును నిర్ణీతమైన పాళ్ళలో కలిపి, మట్టి మూసలలో నుంచి, మూతబెట్టి, తిత్తులతో ఊదుచు రాత్రింబవళ్ళు కాచి కరగించెడివారు. చల్లారిన పిదప మూసను పగులగొట్టి తీసిన గడ్డను మరల మరల కాల్చి మెత్తబరచెడివారు. ఆ గడ్డలను కొనుటకు పారశీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి, కొలుములకడనే యుండి, తమ కన్నులయెదుట పని చేయించుకొని పోయెడివారట. దమస్కసు ఖడ్గమని లోకము పొగడిన ఖడ్గమునకు ప్రాణము ఇట్టి గడ్డయే. పాశ్చాత్యులు దానికి పెట్టిన "వూట్జు" అను పేరుగూడ మన ఉక్కు అను మాటయే నోరు తిరుగక మారిన రూపమని పండితులు చెప్పుదురు.

ఇది గర్వింపదగిన చరిత్రము. కాని ఈ చరిత్రమునకు రెండవ అధ్యాయ మొకటి కలదు. అది గర్వింపదగినది కాదు. 1794వ సంవత్సరమున హెలెనసు స్కాటు అను వైద్యుడు బొంబాయినుండి ఈ ఉక్కు గడ్డలను ఇంగ్లండునందలి రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. మరుసటి యేడు జార్జి పియర్సను అను రసాయనశాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి వ్యాసము వ్రాసెను. 1819లో మైకేలు ఫారడే అంతటివాడు వూట్జు గడ్డను రసాయనశాలలో విడదీసి చూచెను. జేమ్సు స్టోడార్టు అను కత్తుల పనివానితో గూడి అటువంటి ఉక్కును తానును చేయ ప్రయత్నించెను. దాని మహిమకు కారణము సిలికా, అల్యూమినా అని ఆ మహానుభావుడు పొరబడెను. అసలు కారణము కర్బనమని పారిసు టంకశాలలో లోహపరీక్షకుడగు బ్రెయాఁ కొలదికాలములోనే గ్రహించెను. ఆ పరిశోధనములన్నియు యూరపుఖండమున ఉక్కు శాస్త్రము వృద్ధిజెందుటకు తోడ్పడినవి. అక్కడ శాస్త్రము పెరిగినది. ఇక్కడ కొలిమి చల్లారినది. మన కమ్మరి చేతినుండి గడ్డ ఓడ యెక్కెను. కమ్మరి మాత్రము ఒడ్డుననే నిలిచిపోయెను. ఆ గడ్డను గూర్చి లండనులో ఏమి తెలిసినదో కోనసముద్రమునకు ఎవరును వచ్చి చెప్పలేదు.

అప్పుడు మనము పరాధీనులము. మన చేతిలో లేదని చెప్పుకొనవచ్చును. స్వాతంత్ర్యము వచ్చి ముప్పావు శతాబ్దము దాటిన పిదపగూడ మనము నమూనా నిచ్చువారముగనే, పరులు పరీక్షించువారుగనే యుండినచో, తప్పెవరిదని అడుగవలెను? ఆ ఖడ్గమును పరీక్షించిన ఇటలీవారిని నిందింపబోకుడు. వారికి ఆ యవకాశ మెట్లు కలిగినదో తెలిసికొనుడు. అందులో మనకు గొప్ప పాఠము కలదు. ఆ పాఠము తెలియుటకు ముందు న్యూట్రాను సంగతి కొంత చెప్పవలెను.

న్యూట్రాను పరమాణు కేంద్రమునందలి కణము. 1932వ సంవత్సరమున జేమ్సు చాడ్విక్కు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. దానికి విద్యుదావేశము లేదు. ఆ లేమియే దాని బలము. సామాన్యపు ఎక్సురే కిరణము ఇనుమునందలి ఎలక్ట్రానుల గుంపులో చిక్కుకొని పైపొరలోనే ఆగిపోవును. న్యూట్రాను ఆ గుంపును లెక్కచేయక, సెంటీమీటర్ల మందము గల ఉక్కును గూడ దూరి వెడలును. వెడలునప్పుడు లోపలి స్ఫటికముల వరుసలనుబట్టి వేర్వేరు కోణములకు చెదరును. చెదరిన తీరును లెక్కించినచో లోపల మెత్తని ఇనుమెంత, గట్టి ఇనుప కర్బనమెంత, కాల్చి నీట ముంచుటవలన గట్టిపడిన భాగ మున్నదా లేదా, సమ్మెట దెబ్బల ఒత్తిడి ఎచ్చట నిలిచియున్నది అను సంగతులన్నియు బయటపడును. మంచి వైద్యుడు కడుపు కోయకయే నాడిని పట్టి రోగమును చెప్పినట్లే యిది.

ఈ చూపు పాత ఖడ్గములకు మాత్రమే యుపయోగించునని తలపరాదు. రైలుపట్టాలో, టర్బైను రెక్కలో, అతుకు వేసిన గొట్టములో దాగియున్న ఒత్తిడిని ఇది చూపును. రామగుండమున విద్యుచ్ఛక్తి పుట్టించు యంత్రముల అతుకులు ఏల పగులునో, ఎప్పుడు పగులునో తెలిపెడు శాస్త్రమునకు ఇది మూలసాధనములలో నొకటి. అన్నిటికంటె తేలికయైన హైడ్రోజను ఎక్సురేకు కనబడుట కష్టము. న్యూట్రానుకు చక్కగా కనబడును. కావున మట్టిలో వేరు నీటిని పీల్చుకొనుట మొదలుకొని, ఔషధముల కణనిర్మాణము, విద్యుత్ ఘటములలోని మార్పులు మొదలగువానిని పరీక్షించుటకు ఇది పనికివచ్చుచున్నది.

ఇంత యుపయోగకరమైన న్యూట్రానులు ఎక్కడబడిన అక్కడ దొరకవు. వానిని సమృద్ధిగా పుట్టించుటకు రెండు మార్గములు గలవు. ఒకటి పరమాణు రియాక్టరు. అందు యురేనియము చీలుటవలన న్యూట్రానులు వెలువడును. రెండవది, ప్రోటానులను మహావేగముతో తరిమి టంగ్‌స్టను, పాదరసము వంటి బరువైన లోహముపై కొట్టుట. ఆ దెబ్బకు లోహపు పరమాణువులనుండి న్యూట్రానులు చిందిపడును. రెండును బహుధనసాధ్యములు, ఏండ్ల తరబడి వేలమంది పనివారును విద్వాంసులును శ్రమించి కట్టవలసినవి. కనుకనే ఐశ్వర్యవంతములైన దేశములు సైతము వీనిని పొత్తున కట్టుకొనుచున్నవి. ఫ్రాన్సు, జర్మనీ దేశములు ఒకదాని నెత్తురు ఒకటి త్రాగిన మహాయుద్ధము ముగిసి ఇరువది రెండేండ్లయినను కాకమునుపే, 1967లో, గ్రెనోబుల్ నగరమున లావే-లాంజెవా సంస్థను కలిసి స్థాపించినవి. 1971లో అచ్చటి రియాక్టరు పనిచేయ నారంభించినది. 1973లో ఇంగ్లండు చేరినది. తరువాత పెక్కు దేశములు సభ్యత్వము పుచ్చుకొన్నవి. స్వీడను దేశమున లుండు నగరము కడ పదమూడు యూరపు దేశములు కలిసి మరియొక మహాకేంద్రమును కట్టుచున్నవి. నిన్నటి శత్రువులు నేడు ఒక కొలిమిచుట్టు కూర్చుండినప్పుడు, మనకు మాత్రము పొత్తు పనికిరాదనుట అవివేకము.

ఇప్పుడు ఇటలీవారి సంగతికి వత్తము. ఆక్సుఫర్డు సమీపమున రూథర్‌ఫోర్డు ఆపిల్‌టను ప్రయోగశాలలో ఐసిసు అను కేంద్రము గలదు. అందు మొదటి న్యూట్రానులు 1984 డిసెంబరులో పుట్టినవి. అది ఇంగ్లండువారి సొత్తు. అయినను అందొక మూల, ఇటలీ జాతీయ పరిశోధనా సంస్థవారు తమ ధనముతో, తమ పనివారితో, ఇనెసు అను పేరుగల పరికరమును నిర్మించి నిలిపినారు. పుట్టించిన న్యూట్రానులు ఇంగ్లండువి. వానిని పట్టి చదువు పరికరము ఇటలీది. పరికరము తెచ్చినవాడు ఆ యింట అతిథి కాడు, భాగస్వామి. అతడు తన దేశపు విద్యార్థులను తెచ్చుకొనును. తనకు నచ్చిన ప్రశ్నను తానే యడుగును. పాత ఆయుధముల లోహమును చదువవలెనని తోచినప్పుడు ఇటలీవారు ఎవరి యనుగ్రహము కొఱకును ద్వారము కడ కాచియుండలేదు.

అంతర్జాతీయ సహకార మనగా నిది. ధన మొకరిది, నేల యొకరిది, పరికర మొకరిది, ప్రశ్న యొకరిది, ఫలము అందరిది. చందా చెల్లించి సభ్యులమనిపించుకొనుట సహకారమునందు మొదటి మెట్టు మాత్రమే. చేతిపని తెచ్చుట రెండవ మెట్టు. ఆ రెండవ మెట్టుమీద నిలిచినవానికే గౌరవము.

మన దేశ మీ రెండవ మెట్టు నెరుగనిది కాదు. ఒకప్పుడు ఎక్కియుండెను. ట్రాంబేయందు అప్సర రియాక్టరు 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయ నారంభించినప్పుడు ఆసియా ఖండమున అట్టిది మరియొకటి లేదు. ఇంధనము ఇంగ్లండునుండి వచ్చినది. కాని దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానికు పరికరములను మనవారే చేసిరి. ఆ పనికి నాయకుడు మన తెనుగుబిడ్డ, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జనించిన అయ్యగారి సాంబశివరావుగారు. వారే 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియాను స్థాపించిరి. నాడు ట్రాంబేలో నేర్చిన చేతిపని నేడు హైదరాబాదున వేలమందికి విద్యయు వృత్తియు నైనది. జర్మనీలో దార్మ్‌స్టాట్ కడ కట్టుచున్న ఫెయిరు అను అంతర్జాతీయ పరిశోధనాలయమునకు మన దేశము భాగస్వామి. అచ్చటి అయస్కాంతములకు విద్యుచ్ఛక్తిని సరిదిద్ది పంపు పరికరములను చేసినది ఆ కార్పొరేషనే. ఇది చందా కాదు, చేతిపని.

మరియొక నిదర్శనము. కెనడాలో బెర్ట్రం బ్రాక్‌హౌసు అను మహాశాస్త్రజ్ఞుడు న్యూట్రానుల చెదరుటను కొలుచు పరికరములను నిర్మించుచున్న కాలమున, ఆయనకడ మన పి.కె. అయ్యంగారు పని నేర్చిరి. ఆ విద్యకే బ్రాక్‌హౌసునకు 1994లో నోబెలు బహుమాన మబ్బినది. అయ్యంగారు నేర్చి వచ్చి ట్రాంబేలో అట్టి పరికరములను స్వయముగ కట్టించిరి. అంతటితో ఆగలేదు. 1960వ దశకమున భారతదేశము, ఫిలిప్పీన్సు, అంతర్జాతీయ పరమాణుశక్తి సంస్థ, ముగ్గురును కలిసి చేసికొన్న ఒప్పందము చొప్పున, మన దేశమున తయారైన న్యూట్రాను పరికరము ఫిలిప్పీన్సునందలి రియాక్టరు కడ నిలుపబడినది. ఆసియాలోని ఇరుగుపొరుగు దేశముల యువకులు దానికడ మనవారి శిక్షణలో పని నేర్చిరి. చెరకాలమునకు ముందు మూసనుండి గడ్డను మాత్రమే పంపిన దేశము, నాడు పరికరమును గురువును గూడ పంపగలిగినది!

పొత్తులో కష్టములు లేకపోలేదు. సైరసు రియాక్టరు కెనడా సహాయముతో 1960లో వెలసినది. 1974లో పోఖరాను పరీక్ష జరుగగనే కెనడా తన సహాయమును ఉపసంహరించుకొన్నది. పరులమీదనే భారము వేసినవాడు నడిమధ్య నీటిలో మునుగును. మనవారు మునుగలేదు. తామే రూపొందించి, తామే కట్టి, 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరును 1985లో నిలిపిరి. దేశమున న్యూట్రాను పరిశోధనమునకు నేటికిని అదియే మూలస్తంభము. అట్టి రియాక్టరులలో న్యూట్రానుల వేగమును తగ్గించునది భారజలము. అట్టి భారజలమును తయారుచేయు కేంద్రములలో నొకటి మణుగూరున, మన గోదావరి యొడ్డుననే కలదు. నిర్మలకును కోనసముద్రమునకును నడుమ పారి, ధర్మపురిని మంథెనిని తాకి పోయెడి నీరే ఆ కేంద్రమునకు దిగువను అందుచున్నది. నది మనకు తెలియకయే ఈ శాస్త్రములో భాగస్వామి యైనది, మనుష్యులమే వెనుకబడితిమి.

తరువాతి కథ అంత యుత్సాహకరము కాదు. 2011లో భారతదేశము గ్రెనోబుల్ సంస్థలో శాస్త్రీయ సభ్యత్వమును పొందినది. మనవా రక్కడ మంచి పరిశోధనములు చేసిరి. నేడా సభ్యుల పట్టికలో మన దేశము పేరు లేదు. ఇండోరులోని రాజా రామన్న కేంద్రమున ప్రోటానుల దెబ్బతో న్యూట్రానులను పుట్టించు స్వదేశీ కేంద్రము నిర్మింపవలెనని చిరకాలముగ యోచనలు సాగుచున్నవి. ఈలోగా చైనా దేశము డొంగువాను నగరమున అట్టిదానిని కట్టి 2018లోనే పరిశోధకులకు తలుపులు తెరచినది. మన వేగ మిట్లున్నది.

అందు మన జిల్లాల స్థితి ఎట్లున్నది? 2010లో బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్సుడు స్టడీసును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమును కలిసి ఉత్తర తెలంగాణమున పాత ఇనుము, ఉక్కు కొలుముల జాడలను వెదకినవి. చిరకాలము ఈ విషయముననే కృషి చేసిన డాక్టరు ఎస్. జైకిషను, డాక్టరు జిల్ జులెఫ్, శ్రీమతి శారదా శ్రీనివాసను, ఆచార్య ఎస్. రంగనాథను మొదలగువారు ఆ కార్యమును నడిపిరి. ఊరూర తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను, తిత్తిగొట్టముల ముక్కలను గుర్తించి, 2011లో నివేదికను ప్రకటించిరి. ఇది శ్లాఘింపదగిన సహకారము. స్థానిక విద్వాంసుడు లేనిచో ఆ విదేశ విద్వాంసులకు దారి తెలిసెడిది కాదు. వారి పద్ధతులు లేనిచో స్థానికుని కృషి లోకమున కెక్కెడిది కాదు.

అయితే ఆ మూస పెంకు నేడు మన జిల్లాలోని కళాశాల విద్యార్థి చేతిలో బెట్టినచో అతడేమి చేయగలడు? బాసరయందు 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము గలదు. గ్రామసీమలనుండి వచ్చిన చురుకైన బిడ్డలు వేలకొలది అందు చదువుచున్నారు. ఆ సంవత్సరముననే కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము వెలసినది. ఈ రెండు విద్యాలయముల భౌతిక, లోహ, రసాయన శాస్త్రముల విద్యార్థులు న్యూట్రానును గూర్చి పుస్తకమున చదువుదురు, పరీక్షలో వ్రాయుదురు. పరికరము ముఖము చూచినవా డెందరు? విశ్వవిద్యాలయముల పరిశోధకులు ట్రాంబేలోని ధ్రువ న్యూట్రానులను వాడుకొనుటకై యూజీసీ-డీఏఈ కన్సార్షియము అను సంస్థ యున్నది. విదేశ కేంద్రములకు పోవుటకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి సహాయమును గలదు. తలుపు మూయబడియుండలేదు, కాని తలుపు తట్టువాడు మన ప్రాంతమునుండి బయలుదేరుట యరుదు. ప్రశ్నను సిద్ధముచేసి, నమూనాను తయారుచేసి, అర్జీ వ్రాసి, ఫలితమును లెక్కగట్టుట నేర్పు గురువు దగ్గర లేనప్పుడు, తెరచిన తలుపును గోడవంటిదే.

ఇచ్చట మూడు ఆక్షేపణలు వచ్చును. త్రాగుటకు నీరు లేని పల్లెలు, పైకప్పు కారు పాఠశాలలు ఉన్నచోట ఈ ఖరీదైన విద్య యెందులకని మొదటి ఆక్షేపణ. నీరు ముందు కావలసినదే, ఎవరు కాదనిరి? కాని మేము కరీంనగరమున రియాక్టరు కట్టుడని యడుగుట లేదు. ఒక మంచి లోహపరీక్షాశాల, ఇద్దరు ముగ్గురు సమర్థులైన ఆచార్యులు, ఏటేట కొలదిమంది విద్యార్థుల ప్రయాణపు ఖర్చులు: ఇంతమాత్రమే కోరుచున్నాము. ఆకలి తీరిన పిదప విద్య యనువాడు తుదకు రెంటికిని దూరమగును.

పరమాణు సంబంధమైన దేదియు ప్రమాదకరమని రెండవ ఆక్షేపణ. రియాక్టరులయందు జాగ్రత్త అత్యవసరము. వాని శేషపదార్థము తరతరముల బాధ్యత. దీనిని దాచిపెట్టి శాస్త్రమును పొగడుట మా పద్ధతి కాదు. ఆ కారణముచేతనే ప్రోటానుల దెబ్బతో న్యూట్రానులను పుట్టించు మార్గమును లోకము ఆదరించుచున్నది. అందును దెబ్బతిన్న లోహము చిరకాలము జాగ్రత్తగా కాపాడవలసినదే. కాని ప్రవాహము నాపినచో న్యూట్రానుల పుట్టుక తక్షణ మాగిపోవును.

స్వదేశీయమును కోరువారు పరదేశముల పొత్తునకు ఏల పోవలెనని మూడవ ఆక్షేపణ. స్వదేశీయమనగా తలుపులు మూసికొని కూర్చుండుట కాదు. కోనసముద్రపు కమ్మరి పారశీక వర్తకుని వాకిటికి రానిచ్చెను. అందువలన అతని స్వదేశీయము చెడలేదు. చేతియందు విద్య యున్నవానికి పొత్తు బలము. విద్య లేనివానికి పొత్తు పరాధీనత. అయ్యంగారు కెనడాలో నేర్చుట స్వదేశీయమునకు భంగము కాలేదు. నేర్చిన దానిని ట్రాంబేలో కట్టుటయే స్వదేశీయ మైనది.

కావున మేము కోరునది స్పష్టముగ చెప్పుచున్నాము.

మొదటిది: నిర్మల, కోనసముద్రము, జగిత్యాల ప్రాంతములలోని పాత కొలుముల దిబ్బలను రాష్ట్ర పురావస్తు శాఖవారు వెంటనే గుర్తించి రక్షింపవలెను. యంత్రములు పొలములను ఒక్కపూటలో చదును చేయు కాలమిది. గ్రంథము కాలినచో మరియొక ప్రతి యెక్కడైన దొరకును. చిట్టెపు దిబ్బ పోయినచో దాని చరిత్రము మరల దొరకదు. పంచాయతీలును, పాఠశాలల ఉపాధ్యాయులును తమ యూరి దిబ్బను తామే పట్టికలో చేర్చి కాపాడవలెను.

రెండవది: బాసరయందును కరీంనగరమునందును ఉమ్మడిగ ఒక లోహపరీక్షాకేంద్రము నెలకొల్పి, దానిని ట్రాంబే కన్సార్షియముతోను, హైదరాబాదులోని పరిశ్రమలతోను జతపరుపవలెను. పరికరములను కొనుట మాత్రమే కాక, చేయుటయు అందు నేర్పవలెను. నిన్నటి కమ్మరి మనుమలు, వడ్రంగి మనుమలు ఈ విద్యాలయములలో నేడు చదువుచున్నారు; చేతిపనిని చిన్నచూపు చూడని విద్య వారికి కావలెను.

మూడవది: కేంద్ర ప్రభుత్వమువారు విదేశ న్యూట్రాను కేంద్రములతో పొత్తు పునరుద్ధరించునప్పుడు, చందా రూపమున గాక పరికరముల రూపమున మన వంతు చెల్లింప యత్నింపవలెను. ఆ పరికరములు మన కార్ఖానాలలో తయారు కావలెను. వానిపై మనకు లభించు కాలములో కొంత భాగము జిల్లాలలోని విద్యాలయములకు విడిగా కేటాయింపవలెను. లేనియెడల మహానగరములలోని సంస్థలే అంతయు అనుభవించును.

నాలుగవది, మా మనస్సునకు అన్నిటికంటె ముఖ్యమైనది: ఇకమీదట మన నేలనుండి ఒక మూసముక్కయైనను, ఒక ఉక్కు తునుకయైనను పరీక్షకై దేశాంతరము పోవునప్పుడు, దానివెంట మన ప్రాంతపు విద్యార్థి యొకడు పోవలెను. ఈ నియమమును ఒప్పందపత్రములోనే వ్రాసికొనవలెను. అతడు పరీక్ష చేయుట చూచును, చేతులు పెట్టును, తిరిగివచ్చి తన యూరివారికి తెనుగున చెప్పును. ఉక్కుగడ్డ పోయిన చోటికి ఊరిబిడ్డయు పోవలెను. రెండు శతాబ్దములుగా గడ్డ యొక్కటే పోయినది. అందువలననే మనకు కీర్తి మిగిలినది, విద్య మిగులలేదు.

తాతల నేతుల వాసన చూపుకొని బ్రతుకువాడని మనలను లోకము పరిహసింపకుండవలెనన్నచో, నిర్మల ఉక్కును గూర్చి సభలలో ఉపన్యసించుట చాలదు. ఆ ఉక్కును చేసిన కమ్మరికి తన లోహము తెలిసియుండెను. ఏ ఇనుమును దేనితో కలుపవలెనో, ఎంతసేపు ఊదవలెనో, ఎప్పుడు మూసను దింపవలెనో అతడు తన కంటితో కనిపెట్టెడివాడు. ఆ కన్ను ఆనాటి పరికరము. ఈనాటి కన్ను న్యూట్రాను. దానిని గూడ మన బిడ్డల స్వాధీనము చేయుట మన తరమువారి విధి. ప్రభుత్వమువారును, విద్యాలయములవారును, ధనవంతులును, ఈ వ్యాసమును పఠనాలయమున చదువు మన సోదరులును ఈ విషయమున ఉపేక్ష చేయరని ఆశించుచున్నాము.